కంటి నరం తిరిగి మొలవదా?

కత్తి తెగి చేతి నరం దెబ్బతింటే వైద్యులు దాన్ని కుట్టి కలుపుతారు. ఆ నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్లీ పెరుగుతుంది. కొన్ని నెలలకు వేలికి స్పర్శ తిరిగి రావచ్చు. కంటి నుంచి మెదడుకు వెళ్లే నరం అలా కాదు. అందులో పది లక్షలకు పైగా సన్నని పోగులు ఉంటాయి. ఒకసారి చచ్చిపోయిన పోగు మళ్లీ మొలవదు. నీటికాసుల వ్యాధి (గ్లాకోమా) వల్ల పోయిన చూపు తిరిగి రాకపోవడానికి కారణం ఇదే.

ఎందుకిలా అన్న ప్రశ్న వెంట నడిచినవారిలో రోజర్ స్పెర్రీ (1913–1994) ముఖ్యుడు. ఈ అమెరికన్ శాస్త్రవేత్త డిగ్రీలో చదివింది ఆంగ్ల సాహిత్యం. తర్వాత మనస్తత్వశాస్త్రం, ఆపై జంతుశాస్త్రం చదివి 1941లో షికాగోలో డాక్టరేటు పొందాడు. కప్పల్లోనూ, బల్లిని పోలిన న్యూట్ అనే ఉభయచరాల్లోనూ కంటి నరం తెగినా మళ్లీ పెరుగుతుంది. స్పెర్రీ ఆ నరాన్ని కోసి, కనుగుడ్డును తలకిందులుగా తిప్పి పెట్టాడు. చూపు వచ్చింది, కానీ తలకిందులుగానే వచ్చింది. ఈగను పైన చూపిస్తే కప్ప కిందికి దూకేది. ఎన్నాళ్లయినా ఆ అలవాటు మారలేదు. అంటే ప్రతి పోగూ మెదడులో తన పాత చోటునే వెతుక్కుంటూ వెళ్లింది. ప్రతి పోగుకూ ఒక రసాయన చిరునామా ఉంటుందని ఆయన 1963లో సిద్ధాంతీకరించాడు. మెదడు రెండు అర్ధభాగాలపై చేసిన పరిశోధనకు 1981లో నోబెల్ అందుకున్నాడు. ఆయన మరణించిన మరుసటి ఏడే, ఆ చిరునామాలుగా పనిచేసే ఎఫ్రిన్ అనే ప్రోటీన్లను శాస్త్రవేత్తలు గుర్తించారు.

మరి క్షీరదాల్లో ఈ పోగులు ఎందుకు పెరగవు? 1980లలో కెనడాలోని మాంట్రియల్‌లో ఆల్బర్ట్ అగ్వాయో బృందం ఎలుక కాలి నరం ముక్కను దాని కంటి నరం స్థానంలో అతికించింది. కొన్ని పోగులు ఆ ముక్క గుండా పెరిగి మెదడును చేరాయి. ఆ కణాలకు పెరిగే శక్తి పూర్తిగా పోలేదనీ, చుట్టూ ఉన్న వాతావరణమే పెద్ద ఆటంకమనీ దీనివల్ల తెలిసింది. నేటి పరిశోధనలకు ఆశ ఇక్కడి నుంచే వచ్చింది.

ఈ శాస్త్రం మనకు దూరమైనదేమీ కాదు. సైనిక్‌పురి నుంచి నాచారం మీదుగా హబ్సిగూడ చేరితే, ఉప్పల్ రోడ్డు మీద 1977లో మొదలైన సీసీఎంబీ ఉంది. కంటి కటకపు ప్రోటీన్లపై పరిశోధించి, ఆ సంస్థకు డైరెక్టరుగా పనిచేసిన డి. బాలసుబ్రమణియన్ తర్వాత ఎల్వీ ప్రసాద్ నేత్ర సంస్థలో పరిశోధనకు సారథ్యం వహించారు. ఆ సంస్థలో ఇప్పుడు మూలకణాల నుంచి రెటీనాను పోలిన చిన్న కణజాలాలను పెంచి పరిశీలిస్తున్నారు.

రెటీనా ఎదుగుదల గురించి తెలిసినది ఇప్పటికే పసికందుల చూపు కాపాడుతోంది. గర్భంలో సుమారు 16వ వారం నుంచి రెటీనాలో రక్తనాళాలు పెరుగుతాయి. అవి అంచుల దాకా చేరేసరికి దాదాపు నెలలు నిండుతాయి. ముందే పుట్టిన బిడ్డలో ఆ పని సగంలో ఆగి, నాళాలు అడ్డదిడ్డంగా పెరిగి, రెటీనాను లాగేసే ప్రమాదం ఉంది. 1990ల చివరలో డాక్టర్ సుభద్ర జలాలి జంట నగరాల్లో ఇలాంటి శిశువులకు పరీక్షలు మొదలుపెట్టారు. సకాలంలో గుర్తిస్తే లేజర్‌తో చూపు నిలుస్తుంది.

కనుక మీ ఇంట 34 వారాలలోపు గానీ, 2 కిలోలలోపు బరువుతో గానీ బిడ్డ పుడితే, నెల తిరగకముందే రెటీనా పరీక్ష చేయించండి. మరీ ముందుగా పుట్టిన బిడ్డకైతే ఇంకా త్వరపడాలి. బిడ్డ బాగానే పాలు తాగుతోంది కదా అని ఆగవద్దు. నలభై దాటిన పెద్దలు, ముఖ్యంగా ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉన్నవారు, కంటి ఒత్తిడితో పాటు కంటి నరాన్నీ చూపించుకోవాలి. తెగిన కంటి నరాన్ని మొలిపించే మందు ఇంకా రాలేదు. ఉన్న నరాన్ని కాపాడుకునే మార్గం మాత్రం మన ఊళ్లోనే ఉంది.