పత్తిచేను చూపిన బొమ్మలు



మన సంఘములలో పత్తి తీతకు వెళ్లే తల్లులు ఎందరో ఉన్నారు. ఎండలో నడుము వంచి చేసే ఆ పనిని ఎవరైనా బొమ్మగా గీసి గోడకు తగిలించగా చూశారా? అమెరికా దేశములో ఒక పత్తి కూలి స్త్రీ అలా గీసింది. ఆమె పేరు క్లెమెంటైన్ హంటర్. ఆమె జీవితమును ఈ నెల మీ ముందుంచుతున్నాము.

ఆమె 1886 చివరిలోనో, 1887 ఆరంభంలోనో లూసియానా రాష్ట్రములో హిడెన్ హిల్ అనే పత్తి ఎస్టేటులో జన్మించింది. నల్లజాతివారి బానిసత్వము 1865లోనే రద్దయినా వారి బ్రతుకు చేనులోనే సాగుతున్న రోజులవి. బడికి వెళ్లింది కొద్దికాలమే. చదువను, వ్రాయను ఆమెకు రాలేదు. సుమారు పదిహేనవ ఏట కేన్ నది ఒడ్డునున్న మెల్రోజ్ ఎస్టేటుకు కుటుంబముతో వచ్చి అక్కడా పత్తి తీసింది. తరువాత యజమానుల ఇంట వంట, ఇంటిపని చేసింది.

ఆ ఇంటికి చిత్రకారులు వచ్చి బస చేసేవారు. 1940 ప్రాంతములో ఒక చిత్రకారిణి వదిలి వెళ్లిన రంగుల ట్యూబులు ఆమె చేతికి దొరికాయి. అప్పటికి ఆమెకు యాభై దాటాయి. కిటికీకి కట్టే పాత తెర మీద బొమ్మ వేసింది. ఆ తరువాత అట్టముక్క, సీసా, ఎండిన సొరకాయ బుర్ర - ఏది దొరికితే దానిమీద వేసింది. పగలంతా పని, రాత్రి దీపము దగ్గర బొమ్మలు. మొదట్లో ఒక్కో బొమ్మను పావు డాలరుకు కూడా అమ్మింది.

ఏమి గీసింది? చిన్ననాటి నుండి కళ్లెదుట ఉన్నదే గీసింది. పత్తి తీత, బట్టలుతుకు రోజు, పెళ్లి, సమాధి కార్యక్రమము, తెల్లని వస్త్రములతో నదిలో బాప్తిస్మము పొందేవారు. యజమాని లెక్కల పుస్తకము పత్తి తూకము చెప్పగలదు. ఆ పత్తి తీసినవారు ఎలా ఏడ్చారో, ఎలా ఆరాధించారో చెప్పింది ఈ చదువురాని తల్లి. 1955లో మెల్రోజ్‌లోని ఒక పాత కట్టడములో గోడల నిండా ఆ జీవితమునే చిత్రించింది.

అదే సంవత్సరము దగ్గరలోని ప్రభుత్వ కళాశాలలో ఆమె బొమ్మల ప్రదర్శన జరిగింది. ఆనాటి వర్ణభేదము వలన తెల్లవారితో కలిసి ఆమె లోపలికి వెళ్లరాదు. తలుపులు మూసిన ఆదివారమునాడు ఒక స్నేహితుడు ఆమెను తీసికొని వెళ్లి ఆమె బొమ్మలను ఆమెకే చూపించాడు. 1986లో అదే విద్యాసంస్థ విశ్వవిద్యాలయముగా ఆమెకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1988 జనవరి 1న, నూట ఒకటవ ఏట ఆమె కన్నుమూసింది.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ బొగ్గుముక్కతో గోడమీద ఎద్దునో, చెరువునో, నాట్లు వేసే అమ్మనో గీస్తే వెంటనే కసరకండి. పాత క్యాలెండరు కాగితము తిప్పి చేతికివ్వండి. ఇదేమిటని అడిగి, చెప్పేది వినండి. మన చేలూ, మన చెమటా గీయదగినవి కావని మాత్రము ఆ బిడ్డకు నేర్పవద్దు.