మేనరికం వెనక లెక్క తెలుసా?

"మేనమామ కూతురుండగా బయటి సంబంధాలెందుకు?" గుడివాడ నుంచి దివిసీమ దాకా పెళ్లి మాటల్లో ఇది వినని ఇల్లు తక్కువే. బీటెక్ చదివిన నాకు దీని వెనకున్న లెక్క మాత్రం, సివిల్స్‌కి ఆంత్రోపాలజీ తీసుకున్న మచిలీపట్నం ఫ్రెండ్ నోట్స్ చూశాకే తెలిసింది.

మనలో దాదాపు ప్రతి జన్యువుకూ రెండు కాపీలుంటాయి. అమ్మది ఒకటి, నాన్నది ఒకటి. ఈ జత 'జన్యురూపం'. దానివల్ల మనలో తేలే లక్షణం 'దృశ్యరూపం'. తలసేమియానే తీసుకోండి. ఒక కాపీలోనే లోపముంటే మనిషి సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటాడు, అతను 'వాహకుడు'. రెండిట్లోనూ ఉంటే జబ్బు.

ఆ రెండు కాపీలూ ఒకే పూర్వీకుల నుంచి వచ్చే అవకాశాన్ని 'ఇన్‌బ్రీడింగ్ కోఎఫిషియెంట్' అంటారు. బావామరదళ్ల పిల్లల్లో ఇది 1/16, మేనమామ-మేనకోడలి పిల్లల్లో 1/8. ఎనిమిది మందిలో ఒకరికి జబ్బు వస్తుందని కాదు దీనర్థం. దాగిన లోపం జతకట్టే అవకాశం పెరుగుతుందని.

సివిల్స్ మెయిన్స్‌లో 500 మార్కుల ఆంత్రోపాలజీ ఆప్షనల్ సిలబస్‌లో మేనరికాల ప్రభావమూ ఉంది. అయితే ఇది పరీక్షకే పరిమితం కాదు. మీ ఇంట్లో మేనరికం మాటొస్తే, ముహూర్తం కంటే ముందు ఇద్దరికీ తలసేమియా రక్తపరీక్ష, జన్యు కౌన్సెలింగ్ అడగండి. మొహమాటపడొద్దు.