చెట్టు దొరకని రాత్రి

అమెరికా తూర్పు ప్రాంతంలో, జార్జియాలోని స్ప్రింగర్ కొండ మొదలు మెయిన్‌లోని కటాడిన్ శిఖరం దాకా 14 రాష్ట్రాల గుండా ఒక కాలిబాట సాగుతుంది. దాని పేరు అపలాచియన్ ట్రెయిల్, పొడవు సుమారు 3,500 కిలోమీటర్లు. 1921లో బెంటన్ మెకాయ్ ఈ ఆలోచన చేశాడు, 1937 నాటికి బాట పూర్తయింది. ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలంటే ఐదారు నెలలు పడుతుంది. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, వర్జీనియా రాష్ట్రాల్లో ఉంటున్న తెలుగువాళ్లకు దీని ముక్కలు ఇంటికి దగ్గర్లోనే ఉన్నాయి.

దారిలో ఎక్కువ భాగం అడవే. అందుకే చాలామంది డేరా మానేసి హ్యామక్ పట్టుకెళ్తారు. రెండు చెట్ల మధ్య పల్చటి నైలాన్ గుడ్డను ఉయ్యాలలా కట్టి, దోమతెర తగిలించి, పైన వాన పడకుండా టార్ప్ లాగితే పడక సిద్ధం. కింద నేల ఏటవాలుగా ఉన్నా, రాళ్లు తేలినా, బురదైనా పట్టింపు లేదు. కానీ ఈ సుఖానికి ఒక షరతుంది. బలమైన చెట్లు రెండు, తగిన దూరంలో దొరకాలి. దొరకని రాత్రి నేల మీదే పడుకోవాలి. అక్కడే చిక్కు. హ్యామక్‌లో వెచ్చగా ఉంచిన సామాను నేల మీద పనిచెయ్యదు. ఎందుకు పనిచెయ్యదో తెలిస్తే సంచిలో ఏం పెట్టుకోవాలో తెలుస్తుంది.

తాడు మీద పడే బరువు

హ్యామక్‌కు చెట్ల మధ్య నాలుగైదు మీటర్ల ఎడం కావాలి. అంతకన్నా దగ్గరైతే గుడ్డ సంచిలా ముడుచుకుంటుంది. మరీ దూరమైతే తాడు బిగుతుగా, దాదాపు అడ్డంగా లాగాల్సి వస్తుంది. అలా లాగినప్పుడు ఏమవుతుందో లెక్క చూద్దాం. 70 కిలోల మనిషి పడుకున్నాడనుకోండి. తాడు అడ్డగీతతో 30 డిగ్రీల కోణంలో కిందికి వాలి ఉంటే, ఒక్కో వైపు తాడు మీద 70 కిలోల లాగుడు పడుతుంది. కోణం 10 డిగ్రీలకు తగ్గితే అది 200 కిలోలు. 5 డిగ్రీలైతే 400 కిలోలు. మనిషి బరువు పెరగలేదు, తాడు వాలు తగ్గింది, అంతే. బరువును పైకి మోసేది లాగుడులోని నిలువు భాగం మాత్రమే. తాడు అడ్డంగా మారే కొద్దీ ఆ భాగం చిన్నదైపోతుంది కాబట్టి అదే బరువును మొయ్యడానికి మొత్తం లాగుడు పెరగాలి. అనుభవమున్నవాళ్లు 30 డిగ్రీల దగ్గర కట్టేది ఇందుకే.

ఈ లాగుడు చెట్టును లోపలికి వంచుతుంది. పచ్చి చెట్టు తట్టుకుంటుంది, ఎండిన చెట్టు విరిగి పడుకున్నవాడి మీదే పడొచ్చు. అమెరికా తూర్పు అడవుల్లో ఇది ఊహాజనితమైన భయం కాదు. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చటి పురుగును 2002లో మిషిగన్‌లో గుర్తించారు. అప్పటి నుంచి అది కోట్లాది యాష్ చెట్లను చంపింది. అవి చచ్చాక కూడా కొన్నేళ్లు నిలబడే ఉంటాయి. చుట్టూ అడవి ఉన్నంత మాత్రాన చెట్టు దొరికినట్టు కాదు.

కొన్నిచోట్ల అడవే ఉండదు. న్యూహాంప్‌షైర్‌లోని వైట్ మౌంటెన్స్‌లో సుమారు 1,400 మీటర్లు దాటాక చెట్లు నడుమెత్తు పొదలైపోతాయి, ఆపైన వట్టి బండలు. అక్కడి ప్రెసిడెన్షియల్ శ్రేణిలో దాదాపు 20 కిలోమీటర్ల దారికి చెట్టు నీడ లేదు. ఆ దారి ఎక్కే 1,917 మీటర్ల మౌంట్ వాషింగ్టన్ మీద 1934 ఏప్రిల్ 12న గాలి గంటకు 372 కిలోమీటర్ల వేగంతో వీచినట్టు నమోదైంది.

ఇంకొన్నిచోట్ల చెట్లున్నా నిబంధన ఒప్పుకోదు. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ జాతీయ పార్కులో ఈ బాట మీద నడిచేవాళ్లు షెల్టర్‌లో చోటుంటే అందులోనే పడుకోవాలి. షెల్టర్ లోపల హ్యామక్ కట్టకూడదు, దాని స్తంభాలకూ కట్టకూడదు.

వీపుకు చలి

స్లీపింగ్ బ్యాగ్ వేడిని పుట్టించదు. దాని ఈకలు, దూది పొరల మధ్య చిక్కుకున్న కదలని గాలి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు, అంతే. కదలని గాలి వేడిని చాలా తక్కువగా మోస్తుంది. నీళ్లు దానికన్నా సుమారు 25 రెట్లు ఎక్కువ మోస్తాయి. ఒంటి బరువుకు బ్యాగ్ కింది భాగం నలిగితే లోపలి గాలి బయటికి పోతుంది. ఆ వైపు మిగిలేది రెండు గుడ్డ పొరలు.

హ్యామక్‌లో ఈ లోపం రెట్టింపవుతుంది. వీపు కింద నేల లేదు, కదిలే గాలి ఉంది. వేసవిలో ఆరుబయట నులక మంచం మీద పడుకుంటే హాయిగా ఉండేది కింద గాలి ఆడటం వల్లే కదా. కొండ మీద 5 డిగ్రీల చలిలో అదే గాలి రాత్రంతా వీపు నుంచి వేడిని ఎత్తుకుపోతుంది. దీనికి విరుగుడు అండర్‌క్విల్ట్. హ్యామక్ గుడ్డకు బయట, కింది వైపు వేలాడదీసే బొంత ఇది. మనిషి బరువు దాని మీద పడదు కాబట్టి నలగదు, ఉబ్బి ఉండి గాలిని పట్టి ఉంచుతుంది.

ఇప్పుడు అదే మనిషి నేల మీదికి దిగాడనుకోండి. అండర్‌క్విల్ట్‌ను కింద పరిస్తే అదీ ఒంటి బరువుకు నలిగిపోతుంది. అది పనిచేసిందే వేలాడుతున్నందువల్ల. నేల మీద మన బరువుకు నలగని పొర కావాలి.

నేల ఎంత వేడి లాగుతుంది?

నలగని పొర అంటే గట్టి ఫోమ్ చాప, లేదా గాలి నింపే పరుపు. వీటి శక్తిని ఆర్ విలువతో చెబుతారు. అంకె ఎంత పెద్దదైతే వేడిని అంత గట్టిగా అడ్డుకుంటుంది. ఒకప్పుడు ఒక్కో కంపెనీ ఒక్కో తీరున కొలిచేది. 2018లో ఏఎస్‌టీఎం ఎఫ్3340 అనే ప్రమాణం వచ్చాక ఆ అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం కుదిరింది. మామూలు ఫోమ్ చాప ఆర్ విలువ 2 దరిదాపుల్లో ఉంటుంది. రెండు చాపలు ఒకదాని మీద ఒకటి వేస్తే విలువలు కూడుకుంటాయి.

ఒక ఉజ్జాయింపు లెక్క వేద్దాం. ఒంటి చర్మం 33 డిగ్రీలు, నేల 5 డిగ్రీలు, నేలను తాకే వెనక భాగం 0.4 చదరపు మీటర్లు. మధ్యలో ఆర్ విలువ 2 ఉన్న చాప ఉంటే నేలలోకి పోయే వేడి 32 వాట్లు. చాప లేదు, నలిగిన బ్యాగ్, బట్టలు కలిసి అందులో మూడో వంతు మాత్రమే అడ్డుకున్నాయనుకుంటే 95 వాట్ల పైమాటే. నిద్రలో మన ఒళ్లు పుట్టించే మొత్తం వేడి సుమారు 70 నుంచి 80 వాట్లు. అంటే పుట్టిన దానికన్నా ఎక్కువ వేడి వీపు నుంచే పోతుంది. ఒళ్లు వణికి ఆ లోటు పూడ్చాలని చూస్తుంది, నిద్ర పట్టదు. నేల తడిగా ఉంటే పరిస్థితి ఇంకా కష్టం. మట్టి రేణువుల మధ్య గాలి ఉండాల్సిన చోట నీళ్లుంటాయి, ఆ నేల వేడిని మరింత త్వరగా లాగేస్తుంది.

ఒకే కారణంతో రెండూ పోకూడదు

2011 మార్చిలో జపాన్‌లోని ఫుకుషిమా అణు కేంద్రానికి భూకంపం వల్ల బయటి కరెంటు పోయింది. అలాంటప్పుడు ఆదుకోవడానికే డీజిల్ జనరేటర్లున్నాయి. భూకంపం వెంటే వచ్చిన సునామీ వాటిలో చాలావాటిని ముంచేసింది. రెండో ఏర్పాటు ఉండటం ఒక్కటే చాలదు, మొదటిదాన్ని దెబ్బతీసిన విపత్తు దాన్నీ దెబ్బతీసేలా ఉండకూడదు. ఇంజనీర్లు దీన్ని ఉమ్మడి కారణ వైఫల్యం అంటారు.

హ్యామక్ మనిషి సంచికీ ఇదే సూత్రం. అదనపు తాడు, పొడిగింపు పట్టీ చెట్లు కాస్త దూరమైతే పనికొస్తాయి, చెట్లే లేకపోతే దండగ. గుడ్డ చిరిగితే కుట్టే సూదీ దారం కూడా అంతే. చెట్టుతో పని లేని వస్తువు ఒక్కటైనా ఉండాలి. అలాంటి వాటిలో ముందు చెప్పుకోవాల్సింది ఫోమ్ చాప. మామూలు కొలతది సుమారు 400 గ్రాములు తూగుతుంది. గాలి పరుపు ఇంతకన్నా వెచ్చన, మడిస్తే చిన్నది, కానీ ముల్లు గుచ్చుకుంటే చప్పబడుతుంది. ఫోమ్ చాపకు చిల్లు పడినా నష్టం లేదు, దాని గాలి గదులన్నీ విడివిడిగా మూసుకుని ఉంటాయి. నీళ్లు పీల్చదు. వానకు అండర్‌క్విల్ట్ తడిసి ఈకలు ముద్దయిన రాత్రి ఇదే చాపను హ్యామక్ లోపల వీపు కింద వేసుకోవచ్చు. నేల మీదా, పైనా రెండు చోట్లా పనిచేసేది ఇదొక్కటే.

బరువు మరీ భారమనుకుంటే తల నుంచి తుంటి దాకా వచ్చే సగం చాప చాలు. ఒంటి బరువులో ఎక్కువ భాగం భుజాలు, తుంటి మీదే పడుతుంది. కాళ్ల కింద ఖాళీ చేసిన సంచి పరుచుకోవచ్చు.

మిగతా సామాను ఎలాగూ వెంట ఉంటుంది. హ్యామక్ పైన కట్టే టార్ప్‌ను రెండు ట్రెక్కింగ్ కర్రల మీద నిలిపి, అంచులు మేకులతో బిగిస్తే పూరిపాక ఆకారంలో కప్పు తయారు. కింద తడి ఎక్కకుండా పల్చటి ప్లాస్టిక్ షీటు పరవాలి. దాని మీద చాప, చాప మీద స్లీపింగ్ బ్యాగ్. కింద పనికిరాని అండర్‌క్విల్ట్ పైన కప్పుకుంటే దివ్యంగా పనిచేస్తుంది, అక్కడ దాన్ని నలిపేవారు లేరు. దోమతెరను టార్ప్ నడితాడుకు వేలాడదీసుకోవాలి. ఈశాన్య రాష్ట్రాల్లో లైమ్ వ్యాధిని అంటించే పిడుదులు గడ్డిలో, రాలిన ఆకుల్లో ఉంటాయి. నేల మీద పడుకున్నవాళ్లు పొద్దున్నే ఒళ్లు చూసుకోవడం తప్పనిసరి.

చోటు ఎంపిక కూడా మారుతుంది. హ్యామక్ కింద గుంట ఉన్నా ఫరవాలేదు. నేల మీద అయితే వాన నీళ్లు చేరేదీ, రాత్రి బరువెక్కిన చల్లగాలి జారి నిలిచేదీ ఆ గుంటలోనే. లోయ అడుగు వదిలి కాస్త పైన, కొద్దిగా వాలు ఉన్న చోట తల ఎత్తు వైపు పెట్టి పడుకోవాలి.

దిగిపోవడమూ ఒక ఏర్పాటే

ఈ బాట పొడవునా 250కి పైగా షెల్టర్లున్నాయి. ఎక్కువగా మూడు గోడలు, ఒక కప్పు, చెక్క నేల. వైట్ మౌంటెన్స్‌లో అపలాచియన్ మౌంటెన్ క్లబ్ 8 విడిది గృహాలు నడుపుతోంది, వాటికి ముందే చోటు చెప్పి ఉంచుకోవాలి. షెల్టర్ దొరికింది కదా అని చాప అవసరం తీరిపోదు. చెక్క పలకల కిందా గాలి ఆడుతుంది.

ఏదీ కుదరకపోతే కొండ దిగడం మేలు. సగటున 1,000 మీటర్లు దిగితే ఉష్ణోగ్రత 6.5 డిగ్రీలు పెరుగుతుంది. 600 మీటర్లు దిగినా దాదాపు 4 డిగ్రీల వెచ్చదనం, దానికి తోడు గాలి ఉధృతి తగ్గుతుంది, చెట్లూ దొరుకుతాయి. అయితే దిగడానికి వెలుతురు కావాలి, తెలివీ కావాలి. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కిందికి పడితే హైపోథెర్మియా. చేతులు పట్టు తప్పుతాయి, మాట తడబడుతుంది, వాటితోపాటే మంచీచెడ్డా తేల్చుకునే శక్తి పోతుంది. చలి ఎక్కాక ఆలోచించుకుందాం అనుకునేవాడికి అప్పటికి ఆలోచన మిగలదు. కాబట్టి మ్యాప్‌లో చెట్లు లేని భాగం ఎక్కడ మొదలవుతుందో, అక్కడికి ముందు చివరి పడక చోటేదో పొద్దున బయల్దేరేటప్పుడే చూసుకోవాలి. చీకటికి రెండు గంటల ముందు చెట్లు కనబడకపోతే వెనక్కి తిరగాలా, ముందుకు పోవాలా అన్నది అప్పుడే తేల్చాలి.

కొత్తగా హ్యామక్ కొన్నవాళ్లు దాన్ని పెరట్లో కట్టి చూసుకుంటారు. నేల పడకను కూడా అలాగే పరీక్షించాలి. ఇంటి వెనక చలి రాత్రి ఒకటి చూసుకుని చాప, షీటు, టార్ప్‌లతో నిద్రపోయి చూస్తే, వీపు ఎక్కడ చల్లబడుతోందో తెలుస్తుంది. చల్లబడితే లేచి ఇంట్లోకి వెళ్లొచ్చు. చాప మందం పెంచాలా అన్న నిర్ణయం తీసుకోవడానికి అదే సరైన చోటు.