సీడీని డీమాగ్నెటైజ్ చేస్తే పాట బాగా వినిపిస్తుందా?

సీడీలు, రికార్డులు, కేబుళ్లు ఒక మెషీన్‌తో డీమాగ్నెటైజ్ చేస్తే సౌండ్ ఇంకా క్లియర్ అవుతుందని అమ్ముతున్నారు కదా. అంటే వాటికి పట్టిన అయస్కాంత గుణాన్ని తీసేయడం అన్నమాట. వేలకు వేలు పోసి కొనాలా? చూద్దాం.

ముందు, ఇది నిజంగా పనిచేసే చోటు ఒకటుంది. క్యాసెట్ ప్లేయర్! టేపు మీద పాట ఉండేదే అయస్కాంత రూపంలో. ఆ టేపుకి ఆనుకుని ఉండే లోహపు ముక్కను హెడ్ అంటారు. వాడగా వాడగా దానికీ కాస్త అయస్కాంతత్వం పట్టేస్తుంది. అప్పుడు బుస్సుమనే శబ్దం పెరుగుతుంది, తాళాల మోత లాంటి సన్నని శబ్దాలు తగ్గుతాయి. దాన్ని తీసేస్తే తేడా వస్తుంది.

మరి సీడీ? అది పాలికార్బొనేట్ ప్లాస్టిక్, పైన పల్చటి అల్యూమినియం పూత. పాట ఉండేది కంటికి కనపడనంత చిన్న గుంటల్లో. వాటిని చదివేది లేజర్, అంటే వెలుతురు. లేబుల్ ఇంకులో ఇనుము ఉంటుందని కొందరంటారు. ఉందే అనుకుందాం, గుంటలు మారవు కదా! ఎల్‌పీ రికార్డేమో పీవీసీ ప్లాస్టిక్. కేబుల్లో రాగి. అయస్కాంతం పెట్టి చూడండి, రెండూ అంటుకోవు.

"నాకు తేడా వినిపించింది బ్రో" అంటారా? అబద్ధమని నేను అనను. డబ్బు పెట్టాక చెవులు రిక్కించి వింటాం, ఇంతకుముందు గమనించనివి వినిపిస్తాయి. మారింది మన శ్రద్ధ, సీడీ కాదు.

నమ్మకం లేకపోతే మీరే టెస్ట్ చేయండి. ట్రీట్‌మెంట్‌కి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి సీడీలోని పాటను కంప్యూటర్‌లోకి కాపీ చేసి, రెండు ఫైళ్లనూ పోల్చండి. డేటా ఒకటే అయితే డిస్కులో ఏమీ మారనట్టే.

చివరిగా ఒక హెచ్చరిక, ఇది ముఖ్యం. ఇంట్లో తాతయ్య గొంతు రికార్డ్ చేసిన క్యాసెట్ ఉందా? దాన్ని డీమాగ్నెటైజర్ దగ్గరికి రానివ్వకండి, గొంతు చెరిగిపోతుంది! క్యాసెట్ బయటికి తీసి దూరంగా పెట్టండి. ప్లేయర్ ఆఫ్ చేయండి. డీమాగ్నెటైజర్‌ని దూరంలోనే ఆన్ చేసి, మెల్లగా హెడ్ దగ్గరికి తెచ్చి, మెల్లగా వెనక్కి తీసి, చెయ్యంత దూరం వచ్చాకే ఆఫ్ చేయండి. హెడ్ దగ్గరే ఆఫ్ చేస్తే అయస్కాంతత్వం ఇంకా ఎక్కువ పట్టేస్తుంది.

ఆ తర్వాత మొదటి పని, ఆ క్యాసెట్‌ని ప్లే చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. సీడీ మెషీన్‌కి పెట్టే డబ్బు దీనికి పెడితే, మీ పిల్లలు కూడా ఆ గొంతు వింటారు. ఉంటా మరి, బై!