చక్రముల మీది పాత యిల్లు



నా చిన్ననాట మా పల్లె నుండి తిరునాళ్లకు పోవు కుటుంబములు గూడుబండి కట్టుకొని బయలుదేరెడివి. బండిలో చాప, దుప్పట్లు, బియ్యపు మూట, చింతపండు, ఒక ఇత్తడి గుండిగ. చెరువును చెట్టును కనబడిన చోట ఎద్దులను విప్పి, మూడు రాళ్లు పెట్టి వంట చేసికొని, రాత్రి ఆ గూటిలోనే నిద్రించెడివారు. మా తాతగారి బండిలో నేనును అట్లు పయనించినవాడనే. కావున అమెరికాలోని మా పెద్దవాడు 2017లో ఒక పాత మోటారు ఇల్లు కొంటినని టెలిఫోనులో చెప్పినప్పుడు నాకు ఆశ్చర్యము కలుగలేదు. దాని వెల విన్నప్పుడు మాత్రము కలిగినది. 15,500 డాలర్లు, బండి పుట్టినది 1971లో!

అట్టి బండి యజమానికి పెట్టించు ఖర్చెంత, ముట్టజెప్పు ఫలమేమి అను విషయమును గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేసెదను. ఇందు నేను విన్నదానికంటె చూచినది హెచ్చు. 2019 వేసవిలో ఆరెగన్ రాష్ట్రమందలి పోర్ట్‌లాండ్ నగరములో మావాని యింట నాలుగు నెలలుంటిని. నేను పోవునప్పటికే ఆ యింట ఒక వివాదము సాగుచుండెను. ఎవడో యొకడు ఆ బండికి 21,000 డాలర్లు ఇత్తునని వచ్చియున్నాడు. అమ్మవలెనని కోడలు, అమ్మరాదని కొడుకు. చివరకు కోడలు ఒక సంచిలో రెండేండ్ల రసీదులు నాముందు పెట్టి, "మామయ్యగారూ, మీరు తెలుగు చెప్పినవారే గాని, లెక్క వ్రాస్తే మీ మాటకు ఇంట్లో ఎదురులేదు. మీరే చూసి చెప్పండి" అన్నది. ఆ పని మీద ముప్పది దినములు కూర్చుంటిని.

ముందుగా బండి యొక్క వంశము చెప్పవలెను. జర్మనీలో వోక్స్‌వాగన్ కర్మాగారమునకు హాలండు దేశస్థుడైన బెన్ పోన్ అను వర్తకుడు 1947లో వెళ్లి, అక్కడి పనివారు సామాను మోయుటకు కట్టుకొనిన ఒక మొండి బండిని చూచి, తన పుస్తకములో ఒక పెట్టెవంటి బొమ్మ గీసెను. ఇంజను వెనుక, చోదకుడు ముందు, నడుమ నంతయు ఖాళీ. ఆ బొమ్మయే 1950లో బండియై వెలువడినది. మరుసటి యేడే వీడెన్‌బ్రుక్ పట్టణపు వెస్ట్‌ఫాలియా వారు ఆ ఖాళీలో పడక, బల్ల, అలమార అమర్చుట మొదలిడిరి. మావాని బండి ఆ వెస్ట్‌ఫాలియా సంతతిలోనిదే. వెనుక బల్లను వాల్చిన ఇద్దరికి పడక. కప్పును పైకెత్తిన గుడ్డ గోడలతో ఒక చిన్న మేడ లేచును. అందులో నొకరు పండుకొనవచ్చును. ముందు ఆసనముల మీదుగా బిడ్డకొక ఉయ్యాలవంటి గుడ్డ పడక. మంచుగడ్డ పెట్టుకొను పెట్టె, చేతితో కొట్టు నీటి పంపు, తెరలు. పొయ్యి మాత్రము మనము వేరుగా తీసికొని పోవలెను.

ఇంజను సంగతి కొంత విస్తరించి చెప్పక తప్పదు, ఖర్చంతయు అక్కడనే పుట్టుచున్నది గనుక. సామాన్యముగా మోటారు ఇంజను వేడిని నీరు లాగుకొనును. దీనికి నీరు లేదు. పంకా విసరు గాలియే దిక్కు. 1600 సి.సి.ల ఇంజను, 60 అశ్వముల బలము. సామానును మనుష్యులను ఎక్కించిన పిమ్మట మోయవలసినది ఇంచుమించు రెండు టన్నులు. చమురు పట్టునది రెండున్నర లీటర్లు మాత్రమే. దానిని వడకట్టుటకు ఒక తీగెల జల్లెడ తప్ప వేరు సాధనము లేదు. కాబట్టి ప్రతి 3,000 మైళ్లకు చమురు మార్చవలెను. వాల్వుల సందును సరిచూడవలెను. ఈ సందు మందపు కాగితమంత యుండును. ఇంజను పూర్తిగా చల్లారినప్పుడే కొలవవలెను గనుక, మావాడు తెల్లవారుజామున లేచి బండి క్రింద దూరెడివాడు. సందు తగ్గిన వాల్వు సరిగా మూతపడదు. మూతపడని వాల్వు కాలిపోవును. కాలిన వాల్వు విరిగి లోపల పడినచో ఇంజను సమస్తమును పోవును. పావుగంట పని మానినందుకు వేల డాలర్ల దండన! కొనిన ఆరవ నెలలో మావానికి సంభవించినది ఇదియే. పూర్వపు యజమాని చేయని పనికి మావాడు చెల్లించెను.

ఇక లెక్క. మొదటి సంవత్సరము ఇంజను విప్పి కట్టించుటకు 5,800 డాలర్లు, టైర్లకు 640, బ్రేకులకు 420, అద్దముల చుట్టు రబ్బరునకు 300, కప్పు గుడ్డకు 280, బీమాకు 310, పెట్రోలు గొట్టములకు 60. తిరిగినది 3,100 మైళ్లు. గ్యాలనుకు 18 మైళ్లు చొప్పున పెట్రోలునకు 620. మొత్తము 8,430 డాలర్లు. ఇంజను మూడు నెలలు దుకాణములో నుండుటచే ఆ యేడు బండిలో పండుకొనిన రాత్రులు 19 మాత్రమే. అనగా రాత్రికి 444 డాలర్లు! ఆ సొమ్ముతో మంచి హోటలులో రెండు గదులు తీసికొనవచ్చును. ఇంతవరకు కూడి నేను కోడలి పక్షమునకు ఒరిగితిని.

రెండవ సంవత్సరము ఖర్చు 2,150, రాత్రులు 34. రాత్రికి 63 డాలర్లు. ఇప్పుడు కొడుకు ముఖము వికసించినది. అయినను రెండేండ్లును కలిపి చూచుట న్యాయము. కొనిన వెలతో కూడ పెట్టినది 26,080, అమ్మినచో వచ్చునది 21,000, నష్టము 5,080, రాత్రులు 53. రాత్రికి 96 డాలర్లు పడినది. క్రొత్త బండి కొనినవాడు తరుగు క్రింద పోగొట్టుకొనునదియు కొంత కలదు గదా. పాత బండి, బాగుగా నుంచినంత కాలము, వెల నిలుపుకొనును; ఒక్కొక్కప్పుడు పెంచుకొనును. ఇచ్చట గొప్ప "అయితే" కలదు: బాగుగా నుంచినంత కాలము.

దాని ప్రథమ శత్రువు తుప్పు. ఇంజను చెడినచో మరియొకటి పెట్టవచ్చును. భాగములకు కొరత లేదు. ఈ జాతి బండ్లు జర్మనీలో ఆగిపోయిన పిమ్మటను బ్రెజిల్ దేశములో 2013 వరకు తయారగుచునే యుండెను. ఇనుప దేహము చివికిపోయిన బండికి మాత్రము వైద్యము లేదనియే చెప్పవచ్చును. అద్దపు రబ్బరు పగిలిన చోట దిగిన వాన నీరు పలకల నడుమ నిలిచి, లోపలి నుండి తినుచు వచ్చును. రంగు పొంగి బయటపడునప్పటికి వ్యాధి ముదిరియుండును. కావున కొనగోరువారు రంగును చూచి మోసపోవక, తలుపు క్రింది గడపలను, బ్యాటరీ కూర్చుండు పళ్లెమును, ముందు అద్దము క్రింది అంచును వ్రేలితో తట్టి చూడవలెను. అయస్కాంతమును వెంట తీసికొని పోవుట మేలు. మెత్తి నింపిన చోట అది అంటుకొనదు.

రెండవ శత్రువు నిప్పు. నేటి పెట్రోలులో కలియు ఆల్కహాలు పాతకాలపు రబ్బరు గొట్టములను పొడిబార్చి చిట్లించును. కారిన పెట్రోలు వేడి ఇంజను మీద పడును. ఇంజను పెట్టె మెగ్నీషియము కలిసిన లోహము. అది ఒకసారి అంటుకొనిన నీటికి లొంగదు. అరువది డాలర్ల గొట్టములు ఇరువది వేల బండిని, అందలి ప్రాణములను కాపాడుచున్నవి.

ప్రాణముల మాట వచ్చినది గనుక మరియొకటి. ఈ బండిలో చోదకుని మోకాళ్లకును ఎదుటి బండికిని నడుమ ఒక రేకు తప్ప వేరు అడ్డు లేదు. గాలిసంచులు లేవు. దీనికి డాలర్లలో లెక్క వ్రాయుట నాకు చేతగాక, ఆ గడిని ఖాళీగా విడిచితిని. వేగము తగ్గించుటయు, రాత్రివేళ నడపకుండుటయు తప్ప ఉపాయము లేదు.

ఆగస్టు నెలలో అందరమును క్రేటర్ సరస్సునకు బయలుదేరితిమి. అది 250 మైళ్ల దూరము; సామాన్యమైన కారుకు నాలుగైదు గంటల పయనము. మాకు రెండు దినములు పట్టినది. యూజీన్ పట్టణము దాటి తూర్పు కొండల మొదట ఓక్రిడ్జ్ అను చిన్న ఊరిలో పెట్రోలునకు ఆగితిమి. ఆ రోజులలో ఆరెగన్‌లో పెక్కు చోట్ల పెట్రోలును మనమే పోసికొనుటకు చట్టము ఒప్పుకొనదు. 2023లో గాని ఆ కట్టుబాటు సడలలేదు. పోయుటకు వచ్చిన వృద్ధుడు గొట్టము చేత పట్టుకొని, తన చిన్నతనములో ఇటువంటి బండిలోనే నలుగురు తోబుట్టువులతో పసిఫిక్ తీరమంతయు తిరిగిన కథ చెప్పెను. వెనుక రెండు కార్లు వేచియుండెను. ఎవరును విసుగుకొనలేదు. దారిలో ఇటువంటి బండి యెదురైనచో ఆ చోదకుడు చేయి యెత్తును, మావాడును ఎత్తును, పరిచయముతో పనిలేదు.

అక్కడినుండి విలామెట్ కనుమ 5,128 అడుగులు. బండి మూడవ గేరులో మూలుగుచు ఎక్కుచుండెను. పండ్రెండేండ్ల మనుమడు అకస్మాత్తుగా, "నాన్నా, పెట్రోలు వాసన" అన్నాడు. మరుక్షణమున బండి ప్రక్కకు తీసి, ఇంజను ఆపి, అందరిని దింపి దూరముగా నిలువబెట్టెను. చేతిలో అగ్నిని ఆర్పు డబ్బాతో మావాడు వెనుక మూత తెరచెను. మా కోడలు చిన్నదానిని ఎత్తుకొని నిలుచున్న తీరు నాకు నేటికిని కన్నుల గట్టినట్లున్నది. మార్చిన గొట్టములలో మూరెడు ముక్క ఒకటి మూలను మిగిలిపోయినదట, అదియే చిట్లినది. వెంటనున్న ముక్క కోసి బిగించి, తుడిచి, ఆరనిచ్చి బయలుదేరుటకు గంటన్నర పట్టినది. ఆ గంటన్నరయు ఎవరును మాటలాడలేదు.

సరస్సు విషయము క్లుప్తముగా చెప్పెదను. సుమారు 7,700 ఏండ్ల క్రిందట మజామా అను అగ్నిపర్వతము కూలి గుంటపడిన చోట వాన నీరును మంచు నీరును నిండి అది యేర్పడినది. 1,943 అడుగుల లోతు. లోనికి వచ్చు ఏరు ఒక్కటియు లేదు. ఆ నీలిమకు సాటి చెప్పుటకు నాకు తెలిసిన కావ్యములు చాలలేదు. రాత్రి కప్పు పైకెత్తి, మనుమడు మేడమీదికి పోయెను. వాన కురిసినది. గుడ్డ మీద వాన పడు చప్పుడు వినుచు, మా తాతగారి గూడుబండిలో తాటాకు చాప మీద విన్న చప్పుడు జ్ఞప్తికి రాగా చాలసేపు నిద్రపట్టలేదు.

మరునాడు తిరుగు దారిలో మనుమడు ఇంజను ధ్వనిని చెవియొగ్గి వినుచు, "రెండోది కొంచెం గట్టిగా కొట్టుకుంటోంది" అన్నాడు. ఇంటికి చేరి కొలువగా వాని మాట నిజమైనది. పద్యములో యతి తప్పినచో వ్రేళ్లు మడచి లెక్కింపకయే చెవికి తెలియును గదా. అట్టి చెవి వానికి పట్టువడినది.

ఇతర దేశములలో ఇట్టి బండ్లపట్ల ప్రభుత్వములు కొంత దయ చూపుచున్నవి. ఇంగ్లండులో 40 ఏండ్లు దాటిన బండికి వార్షిక పన్ను లేదు. 2018 నుండి పెక్కింటికి వార్షిక పరీక్షయు లేదు. జర్మనీలో 30 ఏండ్లు నిండి, పూర్వరూపము చెడనిదానికి హెచ్ అను అక్షరముతో ప్రత్యేకమైన సంఖ్యాఫలకము నిచ్చి, సుమారు 192 యూరోల స్థిరమైన పన్ను వేయుదురు. కాని దయతో వాల్వులు సర్దుకొనవు.

లెక్క చదువు దినము వచ్చినది. డాలర్లన్నియు చదివితిని. కోడలు ఓపికగా విని, "డబ్బు సరే మామయ్యగారూ, గంటలు వ్రాశారా?" అన్నది. వ్రాసితిని. మావాడు తన పుస్తకములో తేదీలు గుర్తించుకొనెడివాడు. దానినిబట్టి రెండేండ్లలో బండి క్రింద గడపినది 212 గంటలు. దాదాపు అన్నియు ఆదివారములే. "అందులో ఒక్కడూ ఉన్నవి ఎన్ని?" అని మరల అడిగినది. మొదటి సంవత్సరపు 140 గంటలును ఒక్కడే. రెండవ సంవత్సరపు 72లో 40 గంటలు మనుమడు ప్రక్కన నున్నాడు. ఆమె కొంతసేపు ఊరకుండెను. ఆ సంచి రసీదులలో లేని ఖర్చు ఇదియే యని నాకప్పుడు తెలిసినది.

అమ్మవలదనినది ఆమెయే. షరతులు మాత్రము తానే పెట్టినది: ఏటికి 2,500 డాలర్లు దాటినచో బండి అమ్మకమునకు పోవలెను, నెలకు రెండు ఆదివారములు మూత తెరువరాదు, నిలిచిన బండి చెడును గనుక చలికాలములో సైతము నెలకొకసారి ఊరి బయటికి తిప్పుకొని రావలెను, తనకు నడపుట నేర్పవలెను. మరునాటి యుదయము చక్రము ముందు కూర్చున్నది. గేరు కర్ర ఆమె ఎన్నడును ముట్టినది కాదు. ఇంటి ముందరి సందులో బండి మూడుసార్లు కుదుపుతో ఆగిపోయినది. మావాడు నోరు తెరువబోగా వెనుకనుండి మనుమడు వాని భుజము పట్టి ఆపినాడు. నాలుగవసారి కదలి మూల మలుపు తిరిగి పోయినది. నేను గుమ్మములో నిలిచి చప్పుడు వినుచుంటిని.