తారీఖులు తారుమారైతే

తారీఖు వేయడం రానివారు ఎవరుంటారు? పాల లెక్కకు వేస్తాము, ఉత్తరం పైన వేస్తాము, శుభలేఖలో వేస్తాము, చివరకు ఆవకాయ జాడీకి అంటించిన చీటీ మీద కూడా వేస్తాము. ఇంత తేలిక పనిలో తిరకాసు ఉంటుందని ఎవరికీ తోచదు. కాని ఈ రోజుల్లో పద్దులు పుస్తకాలు వదిలి కంప్యూటర్లలోకి ఎక్కాయి. మిర్చి యార్డుకు వచ్చిన టిక్కీలు, జిన్నింగు మిల్లులో కట్టిన పత్తి బేళ్ళు, సహకార సంఘం ఇచ్చిన అప్పులు, బడిపిల్లల పుట్టినరోజులు అన్నీ ఇప్పుడు ఎక్సెల్ వంటి గళ్ళ పద్దులలోనే ఉంటున్నాయి. ఆ గళ్ళలో వేసిన తారీఖు వేసినట్టు నిలవడం లేదన్నది చాలామంది గుమాస్తాల గోడు.

తారీఖు అనేది అరబ్బీ నుంచి వచ్చిన మాట. దానికి చరిత్ర అనే అర్థం కూడా ఉన్నది. తారీఖు తప్పితే చరిత్ర తప్పుతుందని పండితులకు బెంగ. మన గుంటూరు, ప్రకాశం సీమల రైతుకు మాత్రం వడ్డీ తప్పుతుంది. బెంగ పడవలసింది ముందు దాని గురించే.

ఉగాది వెళ్ళిన నాలుగోనాడు

మిరప కోసి కల్లంలో ఆరబెట్టిన తరువాత, ధర నచ్చకపోతే రైతు సరుకును కోల్డు స్టోరేజిలో పెడతాడు. అక్కడ అతనికి ఒక బాండు ఇస్తారు. ఆ బాండు చూపిస్తే అప్పు పుడుతుంది. 2025లో ఒక రైతు వంద టిక్కీలు పెట్టి, అదే రోజున నూటికి రూపాయి వడ్డీ మీద రెండు లక్షలు తీసుకున్నాడు. తీరా సరుకు అమ్మి లెక్క చూసుకునే నాటికి కంప్యూటరు పద్దులో అప్పు తేదీ మార్చి 4 అని ఉన్నది.

"నేను మార్చిలో ఎక్కడ తెచ్చాను, అబ్బాయ్? ఉగాది వెళ్ళిన నాలుగోనాడు తెచ్చాను. ఉగాదికి నా కాయ ఇంకా కల్లంలోనే ఉంది" అన్నాడు రైతు.

"కంప్యూటరులో అట్లా లేదు బాబాయ్" అన్నాడు గుమాస్తా.

ఆ గుమాస్తా నా పాత విద్యార్థి. బుద్ధిమంతుడు. రైతు మాట కొట్టివేయలేక పాత బాండు పుస్తకం తిరగేశాడు. అందులో 3-4-2025 అని ఉన్నది. 2025లో ఉగాది మార్చి 30న వచ్చింది. నాలుగో నాడు అంటే ఏప్రిల్ 3. రైతు చెప్పిందే నిజం. తేడా 30 రోజులు. రెండు లక్షల మీద నెలకు రెండు వేల రూపాయలు. ఒక్క రైతుతో పోతే సరే. ఆ పద్దులో అట్లాంటి వరుసలు ఇంకా ఎన్నో ఉన్నాయి.

"మాస్టారూ, కంప్యూటరు అబద్ధం చెబుతుందా?" అని అడుగుతూ ఆ కుర్రవాడు కాగితాలు పట్టుకొని మా యింటికి వచ్చాడు. నేను చెప్పేది తెలుగు పాఠమే గాని, శాసనాల కాలనిర్ణయం గురించి ఏటేటా పిల్లలకు చెప్పేవాణ్ణి గనుక తారీఖుల తగాదా అంటే నాకు ఆసక్తి. ఇద్దరం కూర్చొని ఆ పద్దు గుట్టు విప్పాము. కంప్యూటరు అబద్ధం చెప్పదు. మన మాటను దాని భాషలో అర్థం చేసుకుంటుంది, అంతే.

యంత్రం దృష్టిలో తారీఖు

ఎక్సెల్‌కు నెలలూ వారాలూ తెలియవు. దానికి తెలిసినది రోజుల లెక్క ఒక్కటే. 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకొని, అక్కడినుంచి రోజుకొక అంకె చొప్పున పెంచుకుంటూ పోతుంది. ఆ లెక్కన 2025 ఏప్రిల్ 3 దాని మనసులో 45750. మార్చి 4 అయితే 45720. మనకు కనిపించే రోజు, నెల, సంవత్సరం ఆ అంకెకు తొడిగిన చొక్కా వంటివి. ఒక్కొక్కప్పుడు తారీఖు ఉండవలసిన గడిలో 45750 అని కనబడి కంగారు పెడుతుంది. అది పాడైపోలేదు, చొక్కా విప్పుకున్నది. ఆ గడి రూపాన్ని "డేట్" అని మార్చితే సరిపోతుంది. గడి నిండా ##### గుర్తులు కనిపిస్తే చాలావరకు గడి ఇరుకై తారీఖు పట్టలేదని అర్థం. గడిని వెడల్పు చేస్తే చాలు.

ఈ లెక్కలో ఒక వింత ఉన్నది. 1900 లీపు సంవత్సరం కాదు. అయినా ఎక్సెల్ ఆ ఏటి ఫిబ్రవరికి 29 రోజులు ఇచ్చింది. అంతకుముందు ప్రసిద్ధికెక్కిన లోటస్ 1-2-3 అనే ప్రోగ్రాములో ఆ పొరపాటు ఉండగా, దాని పద్దులు ఇందులోనూ సరిపోవాలని ఎక్సెల్ దాన్ని అట్లాగే ఉంచింది. మెకింటాష్ యంత్రాలలో చాలాకాలం లెక్క 1904 నుంచి మొదలయ్యేది. అటువంటి పద్దులోని తారీఖులను తెచ్చి ఇందులో అతికిస్తే ఒక్కొక్కప్పుడు అన్నీ కలిసికట్టుగా నాలుగేళ్ళ ఒక రోజు జరిగిపోతాయి. తేడా 1462 రోజులు కనబడితే కారణం ఇదేనని గుర్తించవచ్చు.

రోజు ముందా, నెల ముందా?

మనం రోజు ముందు వేసి, నెల తరువాత వేస్తాము. అమెరికావారు నెల ముందు వేస్తారు. చాలా కంప్యూటర్లు అమెరికా పద్ధతికి అమర్చి మన బల్ల మీదికి వస్తాయి. అటువంటి దానిలో 3-4-2025 అని కొడితే అది మార్చి 4 అని చదువుకొని, 45720 అని లోపల రాసుకొని, మారుమాట్లాడకుండా ఊరుకుంటుంది. మన గుమాస్తా విషయంలో జరిగింది సరిగ్గా ఇదే.

మన చరిత్రతోనే దీన్ని పరీక్షించి చూడండి. గుంటూరు జిల్లా 1-10-1904న ఏర్పడింది. అమెరికా యంత్రం చదివితే అది జనవరి 10. ఆంధ్రప్రదేశ్ అవతరించిన 1-11-1956 దానికి జనవరి 11. ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది 2-2-1970న. అదే తరువాత ప్రకాశం జిల్లా అయింది. పల్నాడు, బాపట్ల జిల్లాలు వచ్చింది 4-4-2022న. ఈ రెండు తారీఖులను మాత్రం ఎటు చదివినా ఒకటే. అటువంటి అదృష్టపు తారీఖులు ఏడాదికి పన్నెండే. రోజూ నెలా రెండూ 12 లోపు ఉండే తారీఖులు 144. వాటిలో ఈ పన్నెండు తీసివేస్తే 132. అంటే ఏడాదికి 132 రోజులు చడీచప్పుడు లేకుండా తారుమారు కాగలవు.

మరి 14-2-2025 వేస్తే? పద్నాలుగో నెల లేదు గనుక యంత్రానికి అది తారీఖుగా తోచదు. దాన్ని వట్టి అక్షరాలుగా భావించి గడిలో ఎడమ వైపుకు నెట్టుతుంది. తారీఖుగా ఒప్పుకున్నదాన్ని కుడి వైపు నిలబెడుతుంది. మా కుర్రవాడు ఎడమకు ఒరిగినవాటిని చూసి, అవే తప్పులనుకొని, ఒక్కొక్కటీ మళ్ళీ కొట్టి సరిచేశాడు. నిజానికి వాటిలో దోషం లేదు. రాసింది రాసినట్టే ఉన్నాయి. దోషమంతా కుడి వైపు పెద్దమనిషిలా నిలుచున్నవాటిలో ఉన్నది. ఒక నిలువు వరుసలో కొన్ని ఎడమకూ కొన్ని కుడికీ ఒరిగి ఉంటే, ముందుగా కుడివాటినే అనుమానించాలి.

చికిత్స

అన్నింటికన్నా ముందు పాత పద్దుకు ఒక నకలు తీసి దాచాలి. తరువాత కంప్యూటరు ప్రాంతపు అమరికను "ఇంగ్లీష్ ఇండియా"కు మార్చాలి. గూగుల్ షీట్స్ వాడేవారు సెట్టింగ్స్‌లో "లొకేల్" అన్నచోట ఇండియాను ఎంచుకోవాలి. ఇకమీద వేసేవి సరిగా పడతాయి. ఇదివరకే తారుమారైనవి మాత్రం దీనితో బాగుపడవు.

ఇంకొకరు పంపిన పద్దు అయితే, దాన్ని నేరుగా తెరవకుండా "డేటా" అన్న విభాగంలోంచి లోనికి తెచ్చుకొని, తారీఖు వరుసకు రోజు, నెల, సంవత్సరం అనే క్రమాన్ని మనమే చెప్పాలి. ఇదివరకే తెరిచి దాచేసిన పద్దు చెడినట్టు అనిపిస్తే, అసలు పద్దు మళ్ళీ తెప్పించుకొని ఇట్లా తెరవడం ఉత్తమం.

మనలో చాలామందికి 3.4.2025 అని చుక్కలు పెట్టే అలవాటు ఉన్నది. ఎక్సెల్ సాధారణంగా దాన్ని తారీఖుగా ఒప్పుకోదు. అటువంటి వరుసను ఎంచుకొని, "టెక్స్ట్ టు కాలమ్స్" అనే సాధనంతో రోజు, నెల, సంవత్సరం క్రమం చెబితే నిజమైన తారీఖులవుతాయి. ముందో వెనుకో ఖాళీ ఉండిపోతే "ట్రిమ్" దాన్ని కత్తిరిస్తుంది.

అసలు పద్దు దొరకనప్పుడు, కుడికి ఒరిగినవాటికి "డేట్" సూత్రం వేసి, నెల స్థానంలో రోజునూ రోజు స్థానంలో నెలనూ అందించాలి. అప్పుడు మార్చి 4 తిరిగి ఏప్రిల్ 3 అవుతుంది. కాని ఆ వరుస అంతా తారుమారైనదేనని రూఢి అయిన తరువాతే ఈ పని చేయాలి. సగం సరైనవి, సగం తప్పువి కలిసి ఉంటే మందే జబ్బు అవుతుంది. మా కుర్రవాడు బాండు పుస్తకం పక్కన పెట్టుకొని నాలుగు సాయంత్రాలు కూర్చొని వరుసవరుసా పోల్చాడు. రైతు రెండు వేలు రైతుకు దక్కాయి.

సంవత్సరాన్ని రెండంకెల్లో వేయడం మరొక చిక్కు. ఏ శతాబ్దమో యంత్రం తన హద్దును బట్టి ఊహిస్తుంది. హద్దు 29 అయితే, 28 అని వేసినది 2028 అవుతుంది. 30 అని వేసినది 1930 అవుతుంది. కొన్ని యంత్రాలలో ఆ హద్దు 49. 1945లో పుట్టిన తాతగారు పింఛను జాబితాలో 2045లో పుట్టబోయే మనవడుగా మారడానికి ఇంతకన్నా ఏం కావాలి? నాలుగంకెలూ వేయడమే క్షేమం.

తారీఖు కానివీ తారీఖులే

గుంటూరులో ఇంటి నంబరు 4-8-12 అని ఉంటే, ఎక్సెల్ దాన్ని ఆగస్టు 4 చేసినా చేస్తుంది, ఏప్రిల్ 8 చేసినా చేస్తుంది. అటువంటి వరుసను ముందుగానే "టెక్స్ట్" అని ప్రకటించాలి. ఈ బాధ మనకే కాదు, శాస్త్రజ్ఞులకూ తప్పలేదు. మార్చ్1, సెప్ట్1 అని పేర్లున్న మానవ జన్యువులను ఎక్సెల్ మార్చి 1, సెప్టెంబరు 1గా మార్చేసేది. పరిశోధన పత్రాలకు జతచేసిన జన్యు పట్టికలను 2016లో పరీక్షిస్తే, సుమారు అయిదింట ఒక వంతు పత్రాలలో ఇటువంటి తప్పులు కనబడ్డాయి. చివరకు 2020లో ఆ జన్యువుల పేర్లే మార్చారు.

సాహిత్యం వారికి ఇంకొక కష్టం. వినుకొండలో పుట్టిన జాషువాగారి జన్మదినం 28-9-1895. ప్రకాశం పంతులుగారిది 23-8-1872. 1900కు ముందు కాలమే లేదనుకునే ఎక్సెల్ వీటిని తారీఖులుగా గుర్తించదు. అటువంటి పనికి గూగుల్ షీట్స్ గాని, లిబ్రే ఆఫీస్ గాని వాడుకోవాలి. లేదా సంవత్సరం, నెల, రోజు వేరు వేరు గళ్ళలో వేసుకోవాలి.

శాసనకర్తల జాగ్రత్త

మన పూర్వులు రాతి మీద తారీఖు చెక్కించేటప్పుడు ఒక్క అంకెతో సరిపెట్టలేదు. శకవర్షం, మాసం, పక్షం, తిథి, వారం అన్నీ చెప్పేవారు. గ్రహణమో సంక్రాంతో ఉంటే అదీ చెప్పేవారు. సంవత్సరాన్ని కొన్నిచోట్ల మాటల్లో చెప్పేవారు. చంద్రుడంటే ఒకటి, నేత్రాలంటే రెండు, వేదాలంటే నాలుగు. అంకె చెరిగినా మాట నిలుస్తుంది. తిథికీ వారానికీ పొత్తు కుదరకపోతే లేఖకుడు పొరబడ్డాడేమోనని తెలుస్తుంది. ఒక తారీఖుకు నలుగురు సాక్షులన్న మాట. మన రైతు చెప్పిన ఉగాది కూడా అటువంటి సాక్ష్యమే.

ఎక్సెల్‌లోనూ ఆ సాక్షిని పిలవవచ్చు. తారీఖు పక్కన ఇంకొక వరుసలో అదే తారీఖును వేసి, దాని రూపానికి నాలుగు "డి" అక్షరాలు ఇస్తే వారం పేరు కనబడుతుంది. ఒక ఉదాహరణ ఊహిద్దాం. 10-6-2024న, సోమవారం నాడు, లక్షన్నర పంట రుణం తీసుకున్నారు. నూటికి ఏడు వడ్డీ. ఏడాది గడువులోగా కడితే అందులో మూడు తగ్గుతుంది. పద్దులో ఆ తారీఖు తారుమారై 2024 అక్టోబరు 6 అయింది. ఇంట్లోవాళ్ళు ఇంకా నాలుగు నెలలున్నదని నిబ్బరంగా ఉంటే గడువు దాటిపోతుంది, 4,500 రూపాయల రాయితీ చేజారుతుంది. కాని పక్కన వారం పేరు ఉంటే అక్కడ "ఆదివారం" అని కనబడుతుంది. ఆదివారం నాడు ఏ బ్యాంకు అప్పు ఇస్తుంది? అనుమానం అక్కడే పుట్టాలి.

యంత్రాల మధ్య రాకపోకలకు 1988లో అంతర్జాతీయ ప్రమాణం ఒకటి వచ్చింది. సంవత్సరం ముందు, నెల తరువాత, రోజు చివర: 2025-04-03. పద్దు ఇంకొకరికి పంపేటప్పుడు ఇది మేలు. మనుషులు చదివే కాగితం మీద మాత్రం నెలను అక్షరాలలోనే రాయండి: 3 ఏప్రిల్ 2025, గురువారం. బాండు మీద గాని, అప్పు పత్రం మీద గాని, పిల్లల బడి దరఖాస్తు మీద గాని నెలను అంకెలో వేసి ఉంటే, సంతకం పెట్టే ముందు పక్కన నెల పేరు కూడా రాయమని అడగండి. గుమాస్తా విసుక్కున్నా ఫరవాలేదు, ఆ రెండు క్షణాల విసుగు నెల వడ్డీ కన్నా చవక.