ఉప్పుగాలి నేలలో పాత స్పీకర్ల పునరుద్ధరణ

తక్కువ ధరకు కొన్న స్టీరియో స్పీకర్లు పదిహేను, ఇరవై ఏళ్ల తరువాత బొంగురుగానో పీలగానో మోగడం మొదలుపెడితే, వాటి పని అయిపోయిందని భావించి పాత సామాన్లవారికి ఇచ్చివేయడం ఇళ్లలో పరిపాటి. అయితే అటువంటి స్పీకర్లలో ధ్వనికి ఆధారమైన అయస్కాంతం, తీగచుట్ట, కాగితపు కోన్ చాలా సందర్భాలలో బాగానే ఉంటాయి. చెడిపోయేవి వాటిని అంటిపెట్టుకొని ఉండే చవకైన చిన్న భాగాలు మాత్రమే. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమలతో కూడిన దిగువ కృష్ణా డెల్టాలో ఆ భాగాలకు వాడకం కన్నా గాలిలోని తేమ, తీరానికి దగ్గరయ్యే కొద్దీ ఆ తేమతో కలిసివచ్చే ఉప్పు ఎక్కువ హాని చేస్తాయి కనుక, ఇక్కడ మరమ్మతు ఆలోచన కూడా తేమ నుంచే మొదలుకావాలి.

నేటి స్పీకర్లలో అధికభాగం 1925లో అమెరికాలో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ ప్రకటించిన నిర్మాణాన్నే అనుసరిస్తున్నాయి. యాంప్లిఫయర్ నుంచి వచ్చే విద్యుత్తు, వాయిస్ కాయిల్ అనే సన్నని రాగి తీగచుట్టలో ప్రవహించినప్పుడు, అది అయస్కాంతపు సందులో ముందుకూ వెనుకకూ కదిలి తనకు అతికించిన కోన్‌ను కదిలిస్తుంది. కోన్ పక్కకు ఒరగకుండా లోపల స్పైడర్ అనే ముడతల గుడ్డ, బయట ఫోమ్‌తో గాని రబ్బరుతో గాని చేసిన మెత్తని అంచు దానిని నడిమధ్యన నిలిపి ఉంచుతాయి. బరువైన స్వరాలను పలికించే పెద్ద కోన్‌ను వూఫర్ అనీ, సన్నని స్వరాలను పలికించే చిన్నదానిని ట్వీటర్ అనీ అంటారు. యాంప్లిఫయర్ నుంచి వచ్చిన విద్యుత్ సంకేతాన్ని ఈ రెండింటికీ పంచే చిన్న విద్యుత్ వలయమే క్రాసోవర్.

ఈ భాగాలలో ముందుగా నశించేది ఫోమ్ అంచు. పాలీయురిథేన్ ఫోమ్‌లోని అణుబంధాలను గాలిలోని తేమ క్రమంగా విడగొడుతుంది. ఈ చర్యను జలవిశ్లేషణ అంటారు. అందువల్ల పెట్టెలోనుంచి బయటికి తీయని స్పీకరులో కూడా అంచు జిగటగా మారి, చివరికి వేలు తగిలితే పొడిగా రాలిపోతుంది. తేమ వల్ల కాగితపు కోన్‌కు బూజు పడుతుంది, పార్టికల్ బోర్డు పెట్టె మూలల దగ్గర ఉబ్బి అతుకులు విడిపోతాయి, తీగలు బిగించే రాగి, ఇత్తడి మొనలకు పచ్చని చిలుము పట్టి ధ్వని తెగి తెగి వస్తుంది.

మరమ్మతుకు ముందు లోపం ఎక్కడ ఉందో నిర్ధారించాలి. యాంప్లిఫయర్‌ను ఆపి, తీగలు విప్పి, మల్టీమీటర్‌తో వూఫర్ నిరోధాన్ని కొలిస్తే, 8 ఓమ్‌ల స్పీకరు సుమారు 6 నుంచి 7 ఓమ్‌లు, 4 ఓమ్‌ల స్పీకరు 3 నుంచి 3.5 ఓమ్‌ల వరకు చూపుతుంది. మీటరు ఏమీ చూపకపోతే తీగచుట్ట తెగినట్టే. ట్వీటర్‌ను కొలిచేటప్పుడు మాత్రం దానికి వరుసలో ఉన్న కెపాసిటర్‌ను విడదీయాలి, ఎందుకంటే మీటరు పంపే ఏకముఖ విద్యుత్తును కెపాసిటర్ అడ్డుకోవడం వల్ల మంచి ట్వీటర్ కూడా తెగినట్టు కనబడుతుంది. 1.5 వోల్టుల బ్యాటరీని వూఫర్‌కు క్షణకాలం తాకించినప్పుడు కోన్ టప్పుమని ముందుకు వస్తే, బ్యాటరీ ధన ధ్రువం తగిలిన మొనే ధన మొన అని గుర్తించవచ్చు. కోన్‌ను రెండు వైపులా వేళ్లతో సమంగా లోపలికి నొక్కినప్పుడు గీసుకున్న శబ్దం వస్తే, తీగచుట్ట పక్కకు ఒరిగిందని అర్థం.

ఫోమ్ అంచు మార్చడం ఓపిక అవసరమైన పని గాని, పెద్ద నైపుణ్యం అవసరమైనది కాదు. పాత ఫోమ్‌నూ జిగురునూ కోన్ చిరగకుండా పూర్తిగా గీకి తీసి, అదే కొలత గల కొత్త అంచును ముందు కోన్‌కు, అది ఆరిన తరువాత లోహపు చట్రానికి అతికించాలి. రెండవ అతుకు ఆరేలోపు తీగచుట్టను మధ్యకు తేవడమే ఇందులో కీలకం. ఇందుకు 30 హెర్ట్జ్ స్వరాన్ని చాలా తక్కువ శబ్దంతో మోగిస్తూ, గరగర వినబడని స్థానానికి కోన్‌ను సర్దుతారు. రబ్బరు అంచు తేమను బాగా తట్టుకుంటుంది. కాని అది ఫోమ్ కన్నా బరువైనది కనుక కోన్ కదలికను మార్చి ధ్వని తీవ్రతను కొంత తగ్గించవచ్చు. ఏది ఎంచుకున్నా రెండు స్పీకర్లకూ ఒకే రకం వేయకపోతే కుడి ఎడమల సమతూకం పోతుంది.

నిజమైన మెరుగుదల చాలావరకు క్రాసోవర్‌లోనే సాధ్యం. చవక స్పీకర్లలో ట్వీటర్‌కు ముందు ఉండేది తరచుగా ఒకే ఒక్క ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. దాని లోపలి ద్రవం ఏళ్ల తరబడి ఎండిపోవడం వల్ల దాని సామర్థ్యం తగ్గి, అంతర్గత నిరోధం పెరుగుతుంది. 8 ఓమ్‌ల ట్వీటర్‌కు 4.7 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ ఉంటే సుమారు 4,200 హెర్ట్జ్ నుంచి స్వరాలు ట్వీటర్‌కు అందుతాయి; ఆ విలువ 3.3కు పడిపోతే హద్దు 6,000 హెర్ట్జ్‌కు జరిగి, మధ్యనున్న స్వరాలు బలహీనపడతాయి. హల్లుల స్పష్టత, తాళాల మెరుపు చాలావరకు ఈ స్వరాల పరిధిలోనివే. అదే విలువతో, 100 వోల్టులకు తగ్గని పాలీప్రొపిలీన్ ఫిల్మ్ కెపాసిటర్‌ను టంకం వేసి అమర్చితే, కొద్ది ఖర్చుతోనే ఈ లోపం తీరడమే కాక, ఎండిపోయే ద్రవం లేనందున అది దీర్ఘకాలం నిలుస్తుంది.

పెట్టె కూడా వాద్యంలో భాగమే. 1954లో ఎడ్గర్ విల్చర్ అమెరికాలో విడుదల చేసిన మూసిన పెట్టె స్పీకరులో, లోపల బంధించిన గాలే కోన్‌కు స్ప్రింగుగా పనిచేసింది. అటువంటి పెట్టెకు చిన్న చీలిక ఏర్పడినా బరువైన స్వరాలు పలచబడతాయి. అతుకులను చెక్క జిగురుతో మూసి, పక్క పలకల మధ్య ఒక చెక్క పట్టీ బిగిస్తే పెట్టె అదురు తగ్గుతుంది. లోపల నింపడానికి నూలు దూది కన్నా తేమ పీల్చని పాలిస్టర్ దూది డెల్టా వాతావరణానికి అనువైనది. ఎక్కువ వాట్లు రాసి ఉన్న పెద్ద వూఫర్‌ను పాత పెట్టెలో ఇరికించడం మెరుగుదల కాదు, ఎందుకంటే వూఫర్, పెట్టె ఘనపరిమాణం పరస్పరం సరిపోయేటట్లు నిర్ణయించినవి.

మరమ్మతు ఫలితాన్ని పరీక్షించడానికి ఈ ప్రాంతపు సంగీతమే చాలు. మొవ్వ మండలంలోని కూచిపూడి పేరుతో విశ్వవ్యాప్తమైన నృత్యానికి చేసే నట్టువాంగంలోని తాళాలు ట్వీటర్‌నూ, దానితో పాటు మోగే మృదంగపు తొప్పి వూఫర్‌నూ పరీక్షిస్తాయి. 1922లో గుడివాడ సమీపంలోని చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావు పాటలో మాట మాటా విడివిడిగా వినబడితే, ఆ రెండింటి మధ్య పొత్తు కుదిరిందని తెలుస్తుంది.

బాగుపడిన స్పీకర్లను సముద్రపు గాలి నేరుగా తగిలే కిటికీకి దూరంగా, చెమ్మ పట్టే నేలకూ గోడకూ తగలకుండా ఉంచాలి. యాంప్లిఫయర్‌ను దాని శక్తికి మించి మోగిస్తే ధ్వని వికృతమై ట్వీటర్ కాలిపోవచ్చని గుర్తుంచుకోవాలి. వరదనీటిలో మునిగి కోన్ మెత్తబడి, అయస్కాంతపు సందులో ఒండ్రు చేరిన స్పీకరుపై శ్రమించడం దండుగ. మిగిలిన వాటి విషయంలో మాత్రం కొలత ముందు, మరమ్మతు తరువాత, మెరుగుదల చివర అన్న క్రమాన్ని పాటించే గృహస్థుకు, కొత్త సెట్టు కొనే స్తోమత లేకపోయినా మంచి సంగీతాన్ని మంచిగా వినే అవకాశం చేతిలోనే ఉంది.